పిండర్ల దొడ్డి

పెళ్ళయిన నాటి నుంచి కెజియా ఇంటిపేరు కాథార్న్. యాభై ఏళ్ళుగా స్కెల్‌థార్ప్ ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. తమ్ముడు ఎనోక్ పోయిన మూడు నెలలకి, నవంబరులో ఒక సోమవారం పొద్దున, ఏమస్ టక్స్‌ఫర్డ్‌కి పట్టింది.

అప్పుడామె బందెలదొడ్డి తలుపు బందులకి బాతుకొవ్వు రాస్తోంది. రొమ్ము ఎత్తున గుండ్రంగా పేర్చిన రాతిగోడ, ఒక ఓక్‌చెక్క తలుపు, లోపల నీళ్ళతొట్టి, అంతే ఆ దొడ్డి. కట్టు తప్పి ఎవరి చేలోనో పడ్డ పశువుని తోలుకొచ్చి పెట్టేది అక్కడే. దాన్ని చూసుకునే మనిషిని పిండర్ అంటారు. ఎనోక్ ఇంటిపేరూ పిండరే. వాళ్ళ నాన్న పిండర్, తాత పిండర్, ముత్తాత పిండర్. పని ఎక్కడ ఆగుతుందో ఇంటిపేరు ఎక్కడ మొదలవుతుందో ఊళ్ళో ఎవరూ విడదీసి చూడలేదు. పన్నెండేళ్ళ కిందట ఎనోక్ ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాక మాత్రం పేరు అతనిదీ, పని అక్కదీ అయింది.

ఏమస్ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. అతను ఊరి కోర్టుకి పెద్ద. ఏటా నవంబరు చివరి గురువారం నల్లగుర్రం పబ్బు మేడమీద పన్నెండుమంది రైతులు ఎస్టేటు మేనేజరుతో కలిసి కూర్చుని, పొలం గట్ల తగాదాలు తీర్చి, ఊరి పనులకి మనుషుల్ని వేస్తారు. ఏమస్, కెజియా ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

"గురువారం కోర్టు కదా, కెజియా."

"గుర్తు చెయ్యడానికొచ్చావా? నాకింకా మతి పోలేదులే. నీకంటే ఎనిమిది నెలలు చిన్నదాన్ని."

"పిండర్ని వెయ్యాలి."

"వెయ్యండి. ఇక్కడే ఉన్నాగా."

ఏమస్ టోపీ తీసి అందులోకి చూశాడు. నోటికి రాని మాట టోపీలో వెతుక్కోవడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది.

"అదీ... కోర్టు పుస్తకం ఉంది కదా. అది మొదలెట్టిన దగ్గర్నుంచీ పిండర్ అన్నచోట పిండర్ ఇంటివాళ్ళే ఉన్నారు. ఒక్క ఏడన్నా తప్పలేదు. మరి నువ్వేమో కాథార్న్‌వి."

కెజియా చేతిలో కొవ్వుగుడ్డ ఆగింది.

"పన్నెండేళ్ళు నీ గొడ్లని తోలుకొచ్చినప్పుడు కాథార్న్‌నని తెలీలేదూ?"

"అప్పుడు ఎనోక్ ఉన్నాడు కదే."

"మంచం మీద."

"మంచం మీదున్నా పిండరే కదా. ఇప్పుడు ఆ షెఫీల్డాయన ఉన్నాడు, విల్‌ఫ్రెడ్. ఆయన ఇంటిపేరు పిండర్. పేపరువాళ్ళు ఫోటో కూడా తీసుకుంటారట. కోర్టు ఎప్పుడూ ఆడమనిషితో ప్రమాణం చేయించలేదు కూడాను."

"ఆ షెఫీల్డాయనకి ఆవు ముందేదో వెనకేదో తెలుసా?"

"తోలడానికి నువ్వుంటావుగా!" అన్నాడు ఏమస్, ఆమెకేదో మేలు చేస్తున్నట్టు. "పని నీదే. ఎవరూ కాదనరు. పుస్తకంలో పేరు ఆయనది, అంతే."

"సొమ్మొకడిది, సోకొకడిది," అంది కెజియా. "వెళ్ళు ఏమస్. గోడ మీద ఆనుకోకు, రాళ్ళు కదులుతాయి."

అతను వెళ్ళాక కూడా ఆమె కొవ్వు రాస్తూనే ఉంది. రాయాల్సిన దానికన్నా ఎక్కువే రాసింది. కోపం వస్తే పని మీద చూపించడం పిండర్ల ఇంటి లక్షణం. వాళ్ళ నాన్నకి ఒళ్ళు మండిన రోజున దొడ్డిలో గడ్డిపరక కూడా మిగిలేది కాదు, అంత శుభ్రంగా ఊడ్చేవాడు. ఆయన చెప్పిన మాటలన్నీ ఈ తలుపు దగ్గర చెప్పినవే. పశువుని వెనక నుంచి అదిలించకూడదు, భుజం పక్కన నడవాలి. దొరికిన పశువుని తిట్టకూడదు, అది తప్పుచేసి రాలేదు, తలుపు తెరిచి ఉంటే వచ్చింది. తొమ్మిదేళ్ళ కెజియా భుజం మీద ఆయన చెయ్యి వేసి ఆ మాటలు చెప్పినప్పుడు, ఆ చేతికి గొర్రెబొచ్చు వాసనా పొగాకు వాసనా కలిసి వచ్చేవి. అరవై ఏళ్ళు దాటినా ఆ వాసన తల్చుకుంటే ఆమెకి ప్రాణం లేచొస్తుంది. ఇన్నాళ్ళూ ఆ మాటలు తనకి చెప్పినవే అనుకుంది. కాథార్న్‌కి చెప్పారని ఆమెకి తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం విల్‌ఫ్రెడ్ పిండర్ స్వయంగా వచ్చాడు, చంకలో పొడుగాటి కాగితపు చుట్టతో. అరవై ఏళ్ళ మనిషి, పలచగా, శుభ్రంగా ఉంటాడు. షెఫీల్డు రైల్వే పార్సెలాఫీసులో నలభై ఏళ్ళు పనిచేసి, భార్య పోయాక నాలుగేళ్ళ కిందట ఈ ఊరొచ్చి ఇల్లు కొనుక్కున్నాడు. ఇక్కడికే ఎందుకొచ్చాడో ఎవరికీ అర్థం కాలేదు.

"కాథార్న్ గారూ, లోపలికి రావచ్చా?"

ఊళ్ళో ఆమెని అలా పిలిచేది ఆయనొక్కడే. మామూలు రోజుల్లో నవ్వు వచ్చేది. ఇవాళ చురుక్కుమంది. టీ పోసింది కానీ అలమరలోంచి ప్లమ్ కేకు డబ్బా దించలేదు. స్కెల్‌థార్ప్‌లో కేకు లేని టీ అంటే ఏమిటో ఊరివాడికైతే తెలిసేది. ఆయన ఆనందంగా తాగాడు.

"మీకొకటి చూపించాలి," అంటూ బల్ల మీద చుట్ట విప్పి, ఒక చివర టీకెటిల్, ఇంకో చివర చక్కెర గిన్నె పెట్టాడు. పైనుంచి కింది దాకా సన్నటి అక్షరాలతో పేర్లు, పేర్ల మధ్య గీతలు.

"నాకు పదకొండేళ్ళప్పుడు బళ్ళో ఒకడు అడిగాడండీ, పిండర్ అంటే ఏంటిరా అని. వాడి ఇంటిపేరు బేకర్. అంటే రొట్టెలు కాల్చేవాళ్ళని అందరికీ తెలుసు. ఇంకొకడు స్మిత్, అంటే కమ్మరి. నాకు మాత్రం జవాబు లేదు. మా నాన్న కత్తులు సానపట్టేవాడు, ఆయనకీ తెలీదు. తాత కూడా సానే. పేరు ఉంది, దాని అర్థం ఎక్కడో పారేసుకున్నాం."

"ఎక్కడ పారేసుకున్నారు?"

"ఇక్కడే!" విల్‌ఫ్రెడ్ వేలు కాగితం మధ్యలో ఆగింది. "రెండొందల ఏళ్ళ కిందట జార్జ్ పిండర్ అనే ఆయన ఈ ఊరి నుంచి షెఫీల్డు వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఆరు తరాలు మేం ఒక్క ఆవుని కూడా ముట్టుకోలేదండీ."

"తెలుస్తూనే ఉంది, ఆ చేతులు చూస్తే."

ఆయన తన తెల్లటి చేతులు చూసుకుని నవ్వేశాడు. నొచ్చుకోలేదు. ఆ మంచితనం కెజియాకి ఇంకా చికాకు తెప్పించింది.

"పూర్వం మనుషులకి ఒకటే పేరు కదా. ఈ ఊళ్ళో ఐదుగురు జాన్లుండేవాళ్ళనుకోండి, ఎలా చెప్పుకోవాలి? గుట్ట పక్క జాన్, ఎర్రజుట్టు జాన్, మిల్లు జాన్, పశువుల్ని మూసిపెట్టే జాన్. మూసిపెట్టడానికి ఆ కాలపు మాట పిండ్. మూసిపెట్టేవాడు పిండర్. మనిషి పోతే పేరూ పోవాలి. కానీ కొడుకు కూడా అదే పని చేశాడు, మనవడు కూడా. అలా అంటుకుపోయింది. తరవాత దర్జీ పనిలోకి పోయినా వదల్లేదు, సానరాళ్ళ దగ్గరకి పోయినా వదల్లేదు."

"మొదటి జాన్ ఎవరు?"

విల్‌ఫ్రెడ్ కళ్ళు మెరిశాయి. "అదేనండీ చిత్రం. నేను పాత కోర్టు రికార్డుల చుట్టలు తిరగేశాను. ఆరొందల ఏళ్ళ నాటివి. అందరికన్నా ముందు దొరికింది ఆడమనిషి. ఆగ్నెస్ అని. మొగుడు మహమ్మారిలో పోతే దొడ్డి ఇంకెవరూ తీసుకోలేదు. తొమ్మిదేళ్ళు ఆవిడే చూసింది. ఆవిడ కొడుకుల్ని ఊరు పిండర్ పిల్లలంది. మనందరం అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళమే."

కెజియా కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం మీదకి వంగింది. "మరి ఆవిడ పేరు పక్కన పిండర్ అని లేదేం?"

"లేదండీ. జాన్ భార్య ఆగ్నెస్, అని ఉంది."

ఆమె కళ్ళద్దాలు తీసేసింది. కిటికీలోంచి దొడ్డి గోడ కనిపిస్తోంది. ఆరొందల ఏళ్ళ కిందట చలిలో గడ్డిమోపు మోసుకుంటూ ఆ గోడ పక్కన నడిచిన ఆడదాన్ని తల్చుకుంటే, సొంత అక్కకి జరిగిన అన్యాయంలా అనిపించింది.

తను ఎవరి పని తీసుకోబోతున్నాడో విల్‌ఫ్రెడ్‌కి అప్పటికి తట్టింది. కెజియా ముఖమూ చూశాడు. "నేను కోర్టులో ఈ ఆగ్నెస్ సంగతి చెప్తాను," అన్నాడు మెల్లిగా. "మీరే ఉండాలని చెప్తాను."

"చెప్పు నాయనా. పన్నెండుమందీ టోపీల్లోకి చూస్తారు."

బుధవారం పొద్దున పదిగంటలకి డోర్కస్ మారియట్ కేక ఊరంతా వినిపించింది. ఆమె పెరట్లో, చలికాలం కోసం పెంచుకున్న క్యాబేజీల మధ్య, ఎర్రమచ్చల పెయ్య ఒకటి నిలబడి నింపాదిగా నములుతోంది. అది ఏమస్ టక్స్‌ఫర్డ్ పెయ్య. ఇంకెవరిదైనా అయితే బావుండేది. డోర్కస్, ఏమస్ పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. చర్చి పంటకోతల విందులో డోర్కస్ పంది మాంసం కూరి కాల్చిన పిండిపొరల 'పై' ఒక ముక్క కొరికి, మిగతాది బల్ల కింద తన కుక్కకి పెట్టాడతను. కుక్క కూడా వదిలేసిందని తరవాత ఎవరో డోర్కస్‌కి చెప్పారు. అదీ జరిగింది.

కెజియా పలుపు తీసుకుని వెళ్ళింది. వెళ్ళకూడదనే అనుకుంది, రేపటి నుంచి తనకేం సంబంధం అనుకుంది, అనుకుంటూనే గబగబా నడిచింది. విల్‌ఫ్రెడ్ కూడా తోట కంచె దగ్గరికి వచ్చాడు. పెయ్యని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

కెజియా పెయ్యకి ఎదురుగా వెళ్ళలేదు. పక్కన నిలబడి, దానికేసి చూడకుండా, క్యాబేజీల నష్టం లెక్కబెడుతున్నట్టు నిలబడింది. పెయ్య తనంతట తాను తలెత్తి ఆమె చెయ్యి వాసన చూసింది. అప్పుడు మెడకి పలుపు వేసి, భుజం పక్కన నడుస్తూ తీసుకొచ్చింది. దొడ్డిలోకి రాగానే నీళ్ళు పోసి, తన ఇంటి గడ్డి వేసి, తలుపు మూసింది.

తరవాత కంచెలోంచి జానెడు హేజెల్ కొమ్మ కోసింది. ఒక పశువుకి ఒక పెద్ద గాటు, ఏడు క్యాబేజీలకి ఏడు చిన్న గాట్లు పెట్టి, కత్తిని కొన మీద నిలిపి రాయితో కొట్టింది. కర్ర నిలువునా రెండు బద్దలైంది. ప్రతి గాటూ సగం ఇటు, సగం అటు.

"ఇది డోర్కస్‌కి. ఇది ఏమస్‌కి."

"ఇవెందుకండీ?" అన్నాడు విల్‌ఫ్రెడ్. "మీ దగ్గర తాళంచెవి ఉందిగా."

"తాళం పిల్లలు ఆటలకి తియ్యకుండా. తలుపు తీసేవి ఈ బద్దలే. పశువు పోగొట్టుకున్నవాడూ పంట పోగొట్టుకున్నవాడూ ఒకచోట కూర్చుని తేల్చుకోవాలి. తేల్చుకున్నాక ఇద్దరూ కలిసి రావాలి. రెండు బద్దలూ నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. కలిస్తే తీస్తాను."

"ఒకళ్ళు ఇంకోటి చెక్కుకొస్తే?"

"కర్ర తన ఇష్టమొచ్చినట్టు చీలుతుంది. అలాంటిదే ఇంకోటి ఎవడూ చెయ్యలేడు." ఆమె రెండు బద్దలూ ఆయన అరచేతిలో పెట్టింది. "చూడు. వేలితో తడుము. కళ్ళతో కాదు."

ఆయన కళ్ళు మూసుకుని తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"నేను పిండర్ అంటే జైలరు లాంటివాడనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

"అందరూ అలాగే అనుకుంటారు. మా నాన్న అనేవాడు, పశువుల్ని మూసేది మనుషుల్ని తెరవడానికి, అని. ఒకసారి రాజీ పడేదాకా గుర్రాన్ని తొమ్మిది రోజులుంచాడు. అది ఎస్టేటువారి గుర్రం."

గురువారం కెజియా కోర్టుకి వెళ్ళలేదు. ఆడవాళ్ళు మేడ మెట్లెక్కరు కూడా. వంటింటి నేల కడగడం మొదలుపెట్టి, కడిగిన చోటే మళ్ళీ కడుగుతోంటే, పన్నెండున్నరకి డోర్కస్ రొప్పుతూ వచ్చింది.

"పబ్బు కింద గదిలో కూర్చుని అంతా విన్నానే. ఆ షెఫీల్డాయన లేచి నిలబడి, ఆగ్నెస్ అని ఎవరో ఉందట, ఆవిడ కథంతా చెప్పాడు. కాథార్న్ గారే పిండర్, నేను వట్టి పేరుని, అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఏమస్ ఏమన్నాడో తెలుసా? ఆరొందల ఏళ్ళు వెనక్కెళ్ళమంటావా అన్నాడు. మేనేజరు గడియారం చూసుకుని, పిండర్ లేకపోతే దొడ్డి ఎత్తేసి రాళ్ళు రోడ్డుకి వాడదాం అన్నాడు. అప్పుడాయన ముఖం వాడిపోయి, సరే నేనే ఉంటాను అన్నాడు. ప్రమాణం చేయించేశారు. ఫోటో కూడా తీశారు."

కెజియా చీపురుకుంచె బకెట్లో పడేసింది. ఇలాగే జరుగుతుందని ఆమెకి సోమవారమే తెలుసు. తెలిసిన సంగతి జరిగినా ఏడుపు ఆగదు.

విల్‌ఫ్రెడ్ వచ్చినప్పుడు ఆమె తలుపు దగ్గరే ఉంది. అతను ఏదో అనబోయాడు. ఆమె మేకుకి ఉన్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టి తలుపు వేసుకుంది. కిటికీ దగ్గర మాత్రం నిలబడకుండా ఉండలేకపోయింది.

రెండుగంటలకి ఏమస్ వచ్చాడు, మూడు గ్లాసుల బీరు ముఖం మీద వెలుగుతుండగా. విల్‌ఫ్రెడ్ దొడ్డి తలుపు దగ్గర పెయ్యకి గడ్డి వేస్తున్నాడు, చెయ్యి వీలైనంత దూరం చాపి.

"తియ్యవయ్యా తలుపు. రేపు సంతకి దాన్ని తోలాలి."

"మీ బద్ద తెచ్చారా?"

"ఏ బద్ద? ఆ కర్రముక్కా? కోటు జేబులోనే ఉంది, ఇదిగో."

"రెండోది?"

ఏమస్ నవ్వాడు. "ఇదిగో, పొద్దున నిన్ను పిండర్ని చేసింది నేను. మర్చిపోయావా?"

కిటికీ వెనక కెజియా ఊపిరి బిగబట్టింది. తీసేస్తాడు. ఊరి పెద్ద, ఆజానుబాహువు, ఎదురుగా పార్సెలాఫీసు గుమాస్తా. తీసేస్తే ఇక దొడ్డి దొడ్డి కాదు, పేపరు ఫోటోకి పనికొచ్చే గోడ. నాన్నా తాతా ఆగ్నెసూ అందరూ ఈ ఒక్క నిమిషంలో అయిపోతారు.

విల్‌ఫ్రెడ్ చేతిలో గడ్డి కింద పడేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"చేసింది మీరే. అందుకే తియ్యను," అన్నాడు. "మారియట్ గారితో తేల్చుకుని రండి. ఇద్దరూ కలిసి రండి."

"దాని గుమ్మం తొక్కుతానా నేను!"

"అయితే పెయ్య ఇక్కడే ఉంటుంది. నేను నీళ్ళు పెడతాను. ఎస్టేటువారి గుర్రం తొమ్మిది రోజులుందట."

ఏమస్ టోపీ తీసి చాలాసేపు అందులోకి చూశాడు. అందులో ఏమీ దొరకలేదు. చివరికి దాన్ని నెత్తిన పెట్టుకుని, ఎవరినో తిట్టుకుంటూ డోర్కస్ ఇంటి వైపు కదిలాడు. కెజియాకి నవ్వొచ్చింది. నవ్వు వెంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అలమర తెరిచి కేకు డబ్బా దించి బల్ల మీద పెట్టి, నడుముకి కట్టిన ఆప్రాన్‌తో ముఖం తుడుచుకుని బయటికి వచ్చింది.

గంట పట్టింది. వాళ్ళిద్దరూ వచ్చేసరికి ఏమస్ మీసాల్లో పిండి పొరలు అంటుకుని ఉన్నాయి.

"మొత్తం తిన్నాడు," అంది డోర్కస్, యుద్ధం గెలిచినదానిలా. "ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నాను. క్యాబేజీలు పోతే పోయాయి."

"బానే ఉంది," అన్నాడు ఏమస్ నేల చూపులు చూస్తూ. "అప్పుడు కూడా బానే ఉండేదేమో. నాకారోజు పంటినొప్పి."

"పదకొండేళ్ళు చెప్పడానికి నోరు రాలేదూ?"

విల్‌ఫ్రెడ్ రెండు బద్దలూ తీసుకుని కెజియా వైపు చాపాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది.

"నువ్వే చూడు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెల్లటి వేళ్ళు గాటు గాటునా ఆగుతూ, జారుతూ, చివరి దాకా వెళ్ళాయి. చిన్న చప్పుడుతో రెండు బద్దలూ ఒక కర్ర అయ్యాయి. తలుపు తీశాడు. పెయ్య దర్జాగా బయటికి నడిచింది. ఏమస్ దాని వెనక పోబోయి, కెజియా చూపు చూసి, భుజం పక్కకి మారాడు.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, బడి వైపు నుంచి చర్చి రెక్టరు గారి వంటామె పరుగున వస్తూ కేకేసింది.

"పిండర్! పిండర్! మా పోనీ గుర్రం బడి తోటలో పడిందీ! టీచరమ్మ గులాబీ మొక్కలన్నీ తినేస్తోందీ!"

కెజియా కాలు అప్పటికే కదిలింది. ఆ కేక వింటే రొట్టె పెనం మీదున్నా, మనిషి చావుబతుకుల్లో ఉన్నా ఆ కాలు కదులుతుంది. పెళ్ళి రోజున చర్చి మెట్ల మీద కూడా కదిలింది. రెండో అడుగు వెయ్యబోతూ పక్కకి చూసింది. విల్‌ఫ్రెడ్ అలాగే నిలబడి, ఎవరిని పిలుస్తున్నారా అని చుట్టూ చూస్తున్నాడు. అరవై ఏళ్ళలో ఆ పేరు ఆయనకి ఉత్తరాల మీద కనిపించింది, హాజరు పట్టీలో వినిపించింది. పని పడి ఎవరూ ఆ పేరుతో కేకెయ్యలేదు.

కెజియా ముందుకి వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. ఎనోక్ శవపేటిక వెనక నడిచినప్పుడు కూడా కాలు అంత బరువనిపించలేదు.

"నిన్నే, నాయనా," అంది. దొడ్డి గోడ మీదున్న పలుపు తీసి అతని భుజాన వేసింది. "వెళ్ళు, పిండర్."

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, పరిగెత్తాడు. కాసేపటికి బడి వైపు నుంచి పోనీని బతిమాలుతున్న గొంతు వినిపించింది. మాట తప్పు, స్వరం తప్పు, నిలబడ్డ చోటు కూడా తప్పే అయి ఉంటుంది. కెజియా వెళ్ళలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, దొడ్డి తలుపు బార్లా తెరిచి, వాళ్ళు వచ్చేదాకా పట్టుకుని నిలబడింది.